నాలుగో షరతు

ఎమ్మిగనూరు
8 సెప్టెంబరు 2024

ఫర్జానాకు,

అస్సలాము అలైకుం.

ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో చెప్పమని అడిగావు. ఇంటినిండా జనం ఉన్నప్పుడు చెప్పలేకపోయాను. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను. అందుకని రాస్తున్నాను. నువ్వు కూడా రాయి. ఫోన్ వద్దు.

శనివారం. మీ అక్క ఫజర్ నమాజుకు లేచింది. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసింది. బజ్జీలు నన్ను బయట నుంచి తెమ్మంది. తిన్నాక కంప్యూటర్ ముందు కూర్చుంది. మాదన్న మగ్గాల కోసం వేస్తున్న కొత్త అంచు, పత్తి పూల అంచు. నువ్వెప్పుడూ ఆ పని దగ్గర కూర్చోలేదు కాబట్టి చెబుతున్నాను. తెర మీద గళ్లు ఉంటాయి. ఒక గడి అంటే చీరలో ఒక పోగు. మౌస్ ఒకసారి నొక్కితే గడి నిండుతుంది, మళ్లీ నొక్కితే ఖాళీ అవుతుంది. అన్ని గళ్లూ సరిగ్గా పడ్డాక వాటిని బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కుతాయి. ఒక్క గడి తప్పితే ఆ తప్పు ప్రతి చీరలోనూ వస్తుంది.

ఆమె పాత మౌస్ ఒక్క నొక్కును రెండుగా తీసుకునేది. నిండిన గడి వెంటనే ఖాళీ అయ్యేది. దాన్ని తిట్టుకుంటూ మధ్యాహ్నం దాకా పని చేసింది.

పన్నెండు దాటాక కొరియర్ వచ్చింది. మీ అబ్బాయి ఫైజల్ తన షాపు నుంచి పంపిన కొత్త మౌస్. డబ్బా మీద తుపాకీ పట్టుకున్న మనిషి బొమ్మ, గేమింగ్ మౌస్ అని అక్షరాలు. "దీంతో నేనిప్పుడు ఎవర్ని కాల్చాల?" అంది. నమాజు చేసుకుని, తిని, తర్వాత చూస్తానంది. భోజనం దగ్గర పని ఎంతవరకు వచ్చిందని అడిగాను. "మూడో పువ్వు సగంలో ఆపినా" అంది. జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాం. నేను పక్కగదిలో పడుకున్నాను.

సాయంత్రం అసర్ అజాన్‌కు మెలకువ వచ్చింది. ఆమె కంప్యూటర్ బల్ల పక్కన చాప మీద పడుకుని ఉంది, చెంప కింద చెయ్యి పెట్టుకుని. నిద్రపోతోందనుకున్నాను. పిలిచాను. వీధి చివరి డాక్టరు వచ్చి గుండె అన్నాడు.

తర్వాతిది నీకు తెలుసు. ఆడవాళ్లు ఆ గది ఖాళీ చేశారు. కంప్యూటర్, వైర్లు, డబ్బా అన్నీ ఒక మూలన పెట్టారు. కొత్త మౌస్‌ను ఆమె ముట్టుకోనే లేదు.

ఒక పని చెబుతాను. ఆ మౌస్ కావాలని ఫైజల్‌ను ఆమె అడిగింది. నచ్చకపోతే నెలలోపు వెనక్కి తీసుకుంటానని వాడు చెప్పాడట. ఆమె చూడలేదు కాబట్టి నేను చూస్తాను. మౌస్ ఎలా ఉండాలని వాడికి చెప్పిందో కనుక్కుని రాయి. ఏమడిగిందో తెలియకుండా, బాగుందో లేదో చెప్పలేను.

మక్బూల్


ఆదోని
14 సెప్టెంబరు 2024

దుల్హాభాయ్‌కి ఫర్జానా సలాం.

మీ ఉత్తరం మూడుసార్లు చదివినాను. మీ తోడల్లుడికి వినిపిద్దామని మొదలుపెట్టి "ఉగ్గాని చేసింది" అన్నకాడ ఆగిపోయినాను. మిగతాది ముస్తాకే తీసుకుని చదువుకున్నాడు. ఆపా చేసే ఉగ్గానిలో పుట్నాలపొడి ఎక్కువ పడుతుందని నేను ఎప్పుడూ వంకలు పెట్టేదాన్ని. ఇప్పుడు నేను చేసినా అట్లనే ఎక్కువ పడుతోంది.

ఈడ వారం నుంచి తెరిపి లేదు. మార్కెట్‌కి వచ్చిన పత్తి తడిసిందని ముస్తాక్ మొహం వేలాడేసుకుని తిరుగుతున్నాడు. నా కోళ్లు రెండు మంచం కిందికి కాపురం మార్చినాయి.

మీరు అడిగింది ఫైజల్‌ని అడిగినాను. వాడి షాపులో ఆ మాట ఎత్తగానే వెనక్కి తిరిగి పెట్టెలు సర్దుకుంటూ చెప్పినాడు. ఆపా పెట్టిన షరతులు ఇవంట. ఒకటి, ఒకసారి నొక్కితే ఒకసారే పడాలి. రెండు, ఆమె చెయ్యి చిన్నది, మణికట్టు నొప్పి, కాబట్టి అరచేతిలో ఇమిడిపోవాలి. మూడు, బొటనవేలి దగ్గర ఒక బటన్ ఉండాలి, తప్పు గడి పడితే అది నొక్కి వెనక్కి తీసుకునేదానికి. అందుకే ఆటల మౌస్ పంపినానన్నాడు. తక్కువ ధరలో పక్క బటన్లు ఉండేది అవేనంట. నాలుగో షరతు కూడా ఉందంట. అది మీకు చెప్పొద్దని ఆపా చెప్పిందంట. ఎంత అడిగినా వాడు నోరు విప్పలేదు.

దుల్హాభాయ్, ఇప్పుడు నా మాట వినండి. ఆ మౌస్ ఎట్లుంటే ఏమి? ఆ గళ్ల పనే మా ఆపాను తినేసింది. చిన్నప్పుడు నా తలలో పేలు చూసినట్టు పగలంతా ఆ తెరలో గళ్లు చూసేది. ఆ కంప్యూటర్ కొనేదానికి ముస్తాక్ ఒక మనిషిని చూసినాడు. నలభయ్యో దినం ఫాతిహాకు మేమంతా వస్తాము. అది అయినాక మిమ్మల్ని మా ఇంటికి తెచ్చుకుంటాము. ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేయించినాను. కాదనొద్దండి.

ఉసిరికాయ పచ్చడి పంపుతున్నాను. పొద్దున రొట్టెలోకి వేసుకోండి.

మీ ఫర్జానా


ఎమ్మిగనూరు
19 సెప్టెంబరు 2024

ఫర్జానాకు,

సలాం. పచ్చడి అందింది. ఉప్పు సరిపోయింది.

కంప్యూటర్ అమ్మను. ముస్తాక్ చూసిన మనిషికి ఆ మాట చెప్పేయమను. ఆదోనికి రావడం గురించి తర్వాత రాస్తాను.

మొన్న మాదన్న వచ్చాడు. నాలుగు మగ్గాల యజమాని, నీకు తెలుసు, జనాజా రోజు వాకిట్లో కుర్చీలు వేయించిన మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు. గడప దగ్గర నిలబడే మాట్లాడాడు.

"సార్, అడగకూడదు. అడగకుంటే గడవదు. నాలుగు మగ్గాలు కాళ్లు సాపుకొని పండుకున్నాయి. వహీదమ్మ అంచు యాడిదాకా వచ్చినాదో సూస్తారా?"

"సగం పైనే అయింది" అన్నాను.

"సగం అంచుతో సీర నేస్తే కట్టుకునేటోళ్లు కూడా సగమే కట్టుకుంటారు సార్." అని తనే నాలుక కరుచుకున్నాడు. "తప్పుగా అనుకోవద్దండి. పత్తి పూల అంచు ఎవరు కొంటారమ్మా, నెమలి వెయ్యి, మామిడిపింది వెయ్యి అని నేనే ఆయమ్మతో కొట్లాడినాను. 'మాదన్నా, నీ సేన్లో నెమలి పండుతాదా, పత్తి పండుతాదా?' అనింది. అప్పుడు నోరు మూసుకుంటి."

కార్తీకంలో పెళ్లిళ్లు ఉన్నాయి. నలభయ్యో రోజు వరకు ఆగుతానన్నాడు. ఆ తర్వాత బెంగళూరు నుంచి తయారుగా ఉన్న అంచు తెచ్చుకోవాల్సిందే. అతనికి వేరే దారి లేదు. నెమళ్లే వస్తాయి.

ఆమె అంచు మగ్గం మీదికి ఎక్కాలి. నేను పూర్తి చేస్తానని చెప్పాను. అతను నా చేతుల వంక చూశాడు.

ఆమె పెన్సిల్‌తో గీసిన బొమ్మ ఉంది. దాన్ని గళ్లలోకి మార్చాలి. ఆరు పూలు. తెర మీద మూడు పూర్తయి ఉన్నాయి, నాలుగోదానికి రెండు రేకులు పడ్డాయి. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ని. గళ్ల కాగితం నాకు కొత్త కాదు. చెయ్యి మాత్రం కొత్త.

అన్నీ మళ్లీ తగిలించి మౌస్‌కు పరీక్ష పెట్టాను. మొదటి షరతులోనే తప్పింది. వరుసగా గళ్లు నింపుతూ పోతే మధ్యలో నిండిన గడి ఉన్నట్టుండి ఖాళీ అవుతోంది. పాతదాని జబ్బే. రెండో షరతు నేను చెప్పలేను, నా చెయ్యి పెద్దది. మూడో షరతుకు ఇంకా రాలేదు. మొదటి ప్రశ్నకే జవాబు రాని పేపర్లో మిగతావి చూసి లాభం లేదు.

ఫైజల్‌కు చెప్పు. మౌస్ పనికిరాదు. ఇంకొకటి పంపనక్కర్లేదు, పాత మౌస్‌తోనే కానిస్తాను. నాలుగో షరతు ఏమిటో మాత్రం చెప్పమను. పరీక్ష పెట్టేవాడికి ప్రశ్నలన్నీ తెలియాలి.

మక్బూల్


ఆదోని
25 సెప్టెంబరు 2024

దుల్హాభాయ్‌కి,

సలాం. ఈ ఉత్తరం రాసేదా వద్దా అని రెండు దినాలు ఆలోచన చేసినాను.

"మౌస్ పనికిరాదు, ఇంకొకటి పంపనక్కర్లేదు." మీరు ఇంతే రాసినారు. మీరు పొదుపుగా మాట్లాడతారని మాకు తెలుసు. మా నికాహ్ దినం ముస్తాక్‌ని పక్కకు పిలిచి "బాగా చూసుకో" అని రెండు మాటలతో సరిపెట్టినారు. కానీ ఫైజల్ ఆ ముక్క చదివి అన్నం ముందు నుంచి లేచిపోయినాడు. ఇద్దరు పిల్లల తండ్రి, చిన్నపిల్లోడి మాదిరి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "ఖాలూ నామీద కోపంగా ఉండాడు. ఆయప్పకు తెలిసిపోయింది" అంటాడు. ఏం తెలిసిందిరా అంటే చెప్పడు. ఆ మౌస్‌ని పంపేముందు షాపులో పదిసార్లు నొక్కి చూసినాడంట. వాడు ఎవరికైనా తప్పుడు సరుకు అమ్ముతాడు కానీ ఖాలాకు, సొంత పెద్దమ్మకు అమ్ముతాడా?

ఇంకో సంగతి. ఇది కూడా రాయకుంటే నాకు నిద్రపట్టదు. మీ ఎదురింటి ఉచ్చీరమ్మ కూతురిని మా వీధిలోనే ఇచ్చినారు గదా. ఉచ్చీరమ్మ నిన్న కూతురింటికి వచ్చి, మా వాకిలి ముందరే నిలబడి అందరూ వినేటట్టు మాట్లాడింది.

"ఏందోమ్మా, మక్బూల్ సారు ఇంట్లో పొద్దుగూకితే రంగురంగుల లైట్లు. ఎర్రగా ఒకతూరి, పచ్చగా ఒకతూరి. తిరణాల మాదిరి. నా మనవడు కిటికీలోంచి తొంగిసూసి వచ్చి సెప్పినాడు, సారు ఆటల డబ్బా తెచ్చుకోని ఆడుకుంటాండాడని. పాపం, పెండ్లాం పోతే మొగోళ్లకి మతి యాడ నిలుస్తాది."

నాకు తలకాయ తీసేసినట్టయింది. "మా దుల్హాభాయ్ ఆటలాడే మనిషి కాదు" అన్నాను. "ఏమోమ్మా, కండ్లారా సూసిన పిల్లోడు అబద్ధం సెప్తాడా" అని కొంగు దులుపుకుని పోయింది.

నలభై దినాలు కాలేదు. మీరు ఆడుతున్నారని నేను నమ్మను. ఒకవేళ మనసు మళ్లించుకునేదానికి ఆడుకుంటే కూడా తప్పు పట్టను. కిటికీ మూసుకోండి చాలు.

మీరు వద్దన్నా ఫైజల్ ఇంకొక మౌస్ పంపుతున్నాడు. అదే రకం. ఇది ఇరవైసార్లు నొక్కి చూసినాడంట. నాలుగో షరతు సంగతి ఎత్తితే మాత్రం షాపు షట్టర్ దించినట్టు మొహం దించుకుంటాడు.

ఫర్జానా


ఎమ్మిగనూరు
29 సెప్టెంబరు 2024

ఫర్జానాకు,

సలాం.

ఆటలు ఆడటం లేదు. మౌస్‌లోనే లైట్లు ఉన్నాయి. ఆపే బటన్ దొరకలేదు. నల్ల టేపు అంటించాను. ఉచ్చీరమ్మ మనవణ్ని లోపలికి పిలిచి గళ్లు చూపించాను. "ఇంతేనా" అని నిరాశపడి వెళ్లాడు.

నేను ఫైజల్‌ను ఏమీ అనలేదు. మౌస్‌ను అన్నాను. ఇప్పుడు అది కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చెబుతాను.

రెండో మౌస్ తగిలించాను. అదీ అదే తప్పు చేసింది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలు ఒకే తప్పు రాస్తే, ఒకరిది చూసి ఒకరు రాశారనుకుంటాం. ఈ రెండూ పక్కపక్కన కూర్చోలేదు. కాబట్టి తప్పు పరీక్ష పెట్టేవాడి దగ్గర ఉండాలి. మౌస్‌ను బల్ల మీద వదిలేసి, పైనుంచి ఒక్క చూపుడువేలుతో నొక్కి చూశాను. వరుస మొత్తంలో ఒక్క గడి పోలేదు. మళ్లీ అరచేత్తో పట్టుకుని నొక్కాను. పోయింది.

తప్పు నా బొటనవేలిది. మౌస్ చిన్నది, నా వేలు పెద్దది. పట్టుకున్నప్పుడు పక్కనున్న బటన్ మీద ఒరుగుతోంది. ఆ బటన్ నొక్కుకుపోతే చివర వేసిన గడి వెనక్కి పోతోంది. మూడో షరతు అదే కదా. అంటే మౌస్ మొదటి షరతు తప్పలేదు, మూడోది బాగా నెరవేరుస్తోంది. రెండోది కూడా. నా చేతికి సరిపోలేదంటే ఆమె చేతికి సరిపోయేదనే అర్థం. ఇది ఫైజల్‌కు చెప్పు. అన్నం తినమను.

కానీ ఒక లెక్క కుదరడం లేదు. డబ్బాలో ఉన్న కాగితం చదివాను. ఆ పక్క బటన్ మామూలుగా చేసే పని వేరే. గడిని వెనక్కి తీసే పని దానికి ఎవరో అప్పగించాలి. అప్పగించినది మౌస్‌లో కాదు, కంప్యూటర్‌లో నిలుస్తుందట. రెండో మౌస్ కూడా అదే పని చేసిందంటే అప్పగించింది ఈ ఇంట్లో, ఈ కంప్యూటర్‌లోనే. నేను చేయలేదు. నాకు చేతకాదు.

ఫైజల్‌ను అడుగు.

మక్బూల్


ఆదోని
3 అక్టోబరు 2024

దుల్హాభాయ్‌కి,

సలాం.

అడిగినాను. మీ ఉత్తరం వాడి చేతికే ఇచ్చినాను. చదివి, షట్టర్ సగం దించి, కుర్చీలో కూర్చుని ఏడ్చినాడు. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నా మాటలు కలపలేదు.

"అమ్మా, ఆ దినం మధ్యాన్నం ఖాలా నాకు ఫోన్ చేసింది. ఖాలూ పండుకున్నాడు, మెల్లిగా మాట్లాడు అనింది. మౌస్ తగిలించినాను, ఆ పక్క బటన్‌కి పని ఎట్ల సెప్పాల అనింది. నేను ఒక్కొక్కటే సెప్పినా, ఖాలా ఒక్కొక్కటే నొక్కింది. లైట్లు సూసి నవ్వింది. 'ఏందిరా ఇది, పెండ్లి పందిరి పంపినావా?' అనింది. ఆపేదెట్లనో సెప్తా ఖాలా అంటే, 'వద్దులే, ఉండనీ, మీ ఖాలూకి సూపిస్తా' అనింది. ఒక పువ్వు వేసి సూసి మళ్లా చేస్తానని పెట్టేసింది.

కొంచేపటికి మళ్లా చేసింది. 'ఒరే ఫైజల్, నాలుగు షరతుల్లో మూడు కుదిరినాయి. నాలుగోది కుదర్లా. ఇదీ టకటకమంటాది. ఇంక నేను మెల్లిగా నొక్కుకుంటాలే. మంచి సరుకే పంపినావు' అనింది. ఎదలో మంటగా ఉంది, వంకాయ పడలేదేమో, కొంచేపు నడుం వాలుస్తా అని కూడా అనింది. నేను సోడా తాగు ఖాలా అన్నా. అంతే అన్నా. ఖాలూని లేపమని సెప్పలేదు. ఆ మౌస్ నేను పంపకుంటే ఆమె ఆ ఎండపొద్దులో పండుకునేది, కూర్చునేది కాదు. ఖాలూ ఉత్తరంలో మౌస్ పనికిరాదని సూసి, తెలిసిపోయింది, నన్నే అంటాండాడు అనుకున్నా."

ఇదీ వాడు చెప్పింది. నెల దినాలుగా ఇది కడుపులో పెట్టుకుని తిరిగినాడు. నాకు చెప్పలేదు, పెండ్లానికి చెప్పలేదు.

నాలుగో షరతు ఇది. నొక్కితే చప్పుడు రాకూడదు. మధ్యాహ్నం మీరు పక్కగదిలో నిద్రపోతారు, ఆ టకటకకు మీ నిద్ర చెడుతుందని. మీకు తెలిస్తే "నాకేం ఇబ్బంది లేదు" అని అబద్ధం చెప్తారంట, అందుకే మీకు చెప్పొద్దన్నదంట.

నేను వాడిని తిట్టలేదు, ఓదార్చలేదు. ఏం చేయాల్నో నాకు తెలియలేదు. మీరే చెప్పండి.

ఫర్జానా


ఎమ్మిగనూరు
5 అక్టోబరు 2024

ఫర్జానాకు,

ఉత్తరం అందింది. రెండ్రోజులు ఆగి రాస్తాను. ఫైజల్‌ను రోజూ షాపు తెరవమను.

మక్బూల్


ఎమ్మిగనూరు
8 అక్టోబరు 2024

ఫర్జానాకు,

సలాం. ఆదోనికి నూలు కోసం వెళ్తున్న మాదన్న కొడుకు చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. ఈ సాయంత్రానికి నీకు అందుతుంది. మీరు రేపు ఫాతిహాకు బయలుదేరే లోపు చదువు.

మొదట ఫైజల్‌కు. ఈ ముక్క వాడికి చదివి వినిపించు.

ఫైజల్, గ్యాస్ అని ఆమె అనుకుంది. పక్కగదిలో ఉన్న నాకే తెలియలేదు. ఆదోనిలో ఉన్న నీకు ఫోన్లో ఎలా తెలుస్తుంది? డాక్టరు కూడా చెయ్యి పట్టి చూశాకే చెప్పాడు. నువ్వు మౌస్ పంపకపోయినా ఆమె కూర్చునేది. పాతదాన్ని తిట్టుకుంటూ కూర్చునేది. నీవల్ల నవ్వుతూ కూర్చుంది. ఆమె చివరగా మాట్లాడింది నీతో. ఏం మాట్లాడిందో నాకు తెలియకుండా పోయేది, నువ్వు చెప్పావు. రేపు నువ్వు కూడా రావాలి. నా పక్కన కూర్చోవాలి.

ఇప్పుడు నీకు, ఫర్జానా.

నా మొదటి ఉత్తరంలో ఒక తప్పు రాశాను. కొత్త మౌస్‌ను ఆమె ముట్టుకోనే లేదని రాశాను. ఆ వాక్యం కొట్టేయి. భోజనం దగ్గర ఆమె మూడో పువ్వు సగంలో ఆపానంది. నేను కంప్యూటర్ తెరిచినప్పుడు మూడు పూలు పూర్తయి ఉన్నాయి, నాలుగోదానికి రెండు రేకులు ఉన్నాయి. అది నీకు రాసింది కూడా నేనే. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. నీ ఉత్తరం వచ్చాక చూశాను. మూడో పువ్వులో మిగిలిన సగం, ఆ రెండు రేకులు ఈ మౌస్‌తో వేసినవి. ఒక్క గడి తప్పలేదు.

నాలుగో షరతు గురించి. ఆ చప్పుడుతో నా నిద్ర చెడుతుందని ఆమె అనుకుంది. పదేళ్లుగా ప్రతి మధ్యాహ్నం ఆ చప్పుడు వింటూనే నేను నిద్రపోయాను. అది లేని రోజు నిద్ర పట్టేది కాదు. ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని తోచలేదు. ఆ రోజు నాకు బాగా నిద్ర పట్టింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

కాబట్టి మౌస్ సంగతి తేలింది. ఆమె మూడింటికి మార్కులు వేసింది. నాలుగో షరతు నాకోసం పెట్టింది కాబట్టి దానికి మార్కులు వేసేది నేను. చప్పుడు చేస్తుంది. పాసైంది. రెండో మౌస్ డబ్బాలో పెట్టి ఉంచాను, రేపు వెనక్కి తీసుకుపోండి.

పక్క బటన్ పని తీసేయడం సులువని మాదన్న కొడుకు చెప్పాడు. తీయొద్దన్నాను. అది ఆమె పెట్టుకున్నది. నేనే వేలు ఎత్తి పట్టుకోవడం నేర్చుకున్నాను. మొదట్లో బొటనవేలు సున్తీ చేసిన పిల్లాడిలా దూరంగా నిలబడేది. ఇప్పుడు అలవాటైంది. నాలుగో పువ్వు మూడు రోజులు పట్టింది. అయిదోది ఒక్క రోజులో అయింది. నిన్న మాదన్న వచ్చి తెర ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఈసారి కూర్చున్నాడు.

"సార్, ఈ మూడూ ఆయమ్మ పూలు, ఈ రెండూ మీ పూలు. అవునా?" అన్నాడు.

"అంత తేడాగా ఉన్నాయా?" అన్నాను.

"లేదు సార్. మీ పూలు కొంచెం లెక్కల మాస్టరు మాదిరి నిక్కి నిలబడినాయి. సీర కట్టుకున్నాక వంగుతాయిలే."

తర్వాత ఇంకొకటి అడిగాడు. దీని తర్వాత కొంగుకు కూడా ఏదన్నా వేస్తారా అని. ఆమె పెన్సిల్ బొమ్మలు పెట్టెలో ఇంకా ఉన్నాయి. వేస్తానన్నాను.

అందుకని ఆదోనికి రాను. నువ్వు వేయించిన మంచం ముస్తాక్‌కు ఇవ్వు. కిటికీ పక్కన కూర్చుని పత్తి ధర చూసుకుంటాడు. పండగలకు వస్తాను. నువ్వు రాయడం మానొద్దు. కోళ్ల సంగతి రాయి.

ఆరో పువ్వులో ఒక్క రేకు మిగిలింది. ఈరోజే అయిపోయేది. కావాలనే ఆపాను.

రేపు పొద్దున ఫజర్ అయ్యాక కబరస్తాన్‌కు వెళ్లి వస్తాను. వచ్చి కిటికీ తెరుస్తాను, మౌస్ మీది నల్ల టేపు తీస్తాను. ఉచ్చీరమ్మ చూస్తే చూడనీ. మాదన్న ఏడింటికి వస్తాడు. అతను చూస్తుండగా ఆ చివరి రేకు వేసి, అట్టలు కొట్టించడానికి ఫైలు చేతికిస్తాను. చప్పుడు పక్కగదిలోకి కూడా వినబడేలా, గట్టిగానే నొక్కుతాను.

మక్బూల్